కోమటిచెరువు కట్ట మీద మాకో ఆదివారం ఇవ్వండి

గౌరవనీయులైన సిద్దిపేట జిల్లా కలెక్టర్ గారికి,

నేను దుబ్బాక ఆడబిడ్డను, సిద్దిపేట కోడలిని, బడికి పోయే ఇద్దరు పిల్లల తల్లిని. సోమవారం ప్రజావాణికి వచ్చి ఈ కోరికను ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. అయినా ఇందులో మీరు చేయవలసింది కొంత, మునిసిపాలిటీ, బడులు చేయవలసింది కొంత, మా తల్లిదండ్రులం చేయవలసింది చాలా ఉంది కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా ఊళ్ళో పిల్లలు ఆడుకునే చోట్లు ఉన్నాయి, పెద్దలు నడిచే చోట్లు ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఒళ్ళు వంచే చోటు, సమయం మాత్రం లేవు. వాటిని ఏర్పాటు చేయమని నా విన్నపం.

కోమటిచెరువు సంగతే చూడండి. మిషన్ కాకతీయ కింద బాగుచేసి మినీ ట్యాంక్‌బండ్‌గా మార్చిన తర్వాత దాని రూపే మారిపోయింది. తీగల వంతెన, పడవ షికారు, పిల్లల ఆట పరికరాలు వచ్చాయి. పక్క జిల్లాల వాళ్ళు కూడా చూడటానికి వస్తున్నారు. దీన్ని కట్టించిన వాళ్ళందరికీ మా కృతజ్ఞతలు. పొద్దుగాల అక్కడికి వెళితే నడిచేవాళ్ళు కనిపిస్తారు. ఎక్కువమంది నడివయసు దాటినవాళ్ళే, డాక్టరు చెబితే నడక మొదలుపెట్టినవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఆ సమయానికి నిద్రలోనో ట్యూషన్‌లోనో ఉంటారు. సాయంత్రం వెళితే పిల్లలు ఉయ్యాలల మీద, జారుడుబల్లల మీద ఉంటారు. తల్లులు చెప్పులకు, నీళ్ళ సీసాలకు కాపలాగా బెంచీల మీద కూర్చుంటారు. తండ్రులు బండి దగ్గర నిలబడి ఫోన్ చూస్తుంటారు. నేనూ అదే బెంచీ మీద కూర్చుంటాను. ఉయ్యాల పిల్లల కొలతకు చేశారు, నడకదారి పెద్దల నడకకు వేశారు. ఇద్దరికీ పని కల్పించే చోటు మధ్యలో ఒక్కటీ లేదు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా ఆడాలని, పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకేసారి పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతును కూడా అప్పుడే తీసేసింది. ఐదు నిమిషాలు పిల్లవాడి వెంట ఉరికినా లెక్కలోకి వస్తుంది. మన దేశం ఎక్కడుందో చూడండి. 2016 నాటి లెక్కల ప్రకారం 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి ఆ మాత్రం కదలిక లేదు. మగపిల్లల కంటే ఆడపిల్లలు ఇంకా వెనుకబడి ఉన్నారు. పెద్దల మీద 2024లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. చాలినంత కదలిక లేనివాళ్ళు మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఇంట్లో కూతురికీ తల్లికీ ఒకే లోటు ఉందన్నమాట. మందు కూడా ఇద్దరికీ కలిపే వేయాలని నా నమ్మకం.

ఇది నా నమ్మకం ఒక్కటే కాదు. ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో నాలుగేళ్ళ పిల్లలకూ వాళ్ళ తల్లులకూ, మొత్తం 554 జతలకు, కదలికను కొలిచే చిన్న యంత్రాలు కట్టి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. తల్లి ఎంత చురుగ్గా ఉంటే బిడ్డ అంత చురుగ్గా ఉంది. పొద్దస్తమానం కూర్చుని ఉండే తల్లుల పిల్లలు కూడా తక్కువే కదిలారు. తల్లిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తల్లికి కదిలే వీలు కల్పిస్తే ఆ మేలు బిడ్డకూ చేరుతుందని చెబుతున్నాను.

ఈ జిల్లా తల్లులకు ఆ వీలు ఎంత ఉందో ఒకసారి ఆలోచించండి. దుబ్బాకలో, సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎన్ని వేల ఇళ్ళు బీడీల మీద బతుకుతున్నాయో మీకు నా కంటే బాగా తెలుసు. ఒళ్ళో చాట పెట్టుకుని, తల వంచుకుని, రోజుకు ఇన్ని కట్టలని లెక్క పెట్టుకుని చుట్టే పని అది. మా అమ్మ ఆ పనే చేసింది. మెడ పట్టేసేది, మోకాళ్ళు బిగుసుకుపోయేవి. చాట పక్కన పెట్టి లేచేసరికి వంట పొద్దు అయ్యేది. ఆమెను ఎవరూ ఎన్నడూ ఆటకు పిలవలేదు. పొలంలో నాటు వేసి, కలుపు తీసి వచ్చే తల్లుల సంగతి వేరు. వాళ్ళకు వ్యాయామం చేయమని చెప్పడం అన్యాయం, వాళ్ళకు కావలసింది విశ్రాంతి. అయితే వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఇంటి ముందుకొచ్చే బడి బస్సెక్కి పట్నానికి వస్తున్నారు. వాళ్ళ నాయినలు చిన్నప్పుడు నడిచిన దూరంలో పదో వంతు కూడా ఈ పిల్లలు నడవడం లేదు. ఇక పట్నంలో దుకాణం పెట్టుకున్న తండ్రి పొద్దున షట్టరు తీస్తే రాత్రి దించేదాకా గల్లా దగ్గరే ఉంటాడు. పిల్లలు మేలుకుని ఉండగా అతను ఇంట్లో ఉండేది ఆదివారం ఒక్క పూటే.

మార్కుల గురించి కూడా చెప్పాలి. 2022లో పదో తరగతి ఫలితాల్లో 97.85 శాతం ఉత్తీర్ణతతో మన జిల్లా రాష్ట్రంలోనే మొదట నిలిచింది. ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సీటు కోసం తల్లిదండ్రులు పోటీ పడతారు. సర్కారు బడికి అంత పేరు రావడం చూసి మేమంతా గర్వపడ్డాం, ఇప్పటికీ పడుతున్నాం. ఆ గర్వంతో పాటే ఒక అలవాటు కూడా పాకింది. దసరా దాటిందంటే చాలా బడుల్లో ఆటల పీరియడు లెక్కల సారు చేతికి పోతుంది. పొద్దున ప్రత్యేక తరగతి, సాయంత్రం ప్రత్యేక తరగతి, ఇంటికి వచ్చాక ట్యూషన్. ఇందులో మా తల్లిదండ్రుల ఒత్తిడే ఎక్కువ. బడి ఒక గంట ఆటకు వదిలితే వెళ్ళి అడిగేది మేమే. నిజానికి ఆటకు అంత సమయం కూడా అక్కరలేదు. స్కాట్లాండులోని స్టిర్లింగ్ నగరంలో 2012లో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు పిల్లలను రోజూ పదిహేను నిమిషాలు బయట పరిగెత్తించడం మొదలుపెట్టింది. పోటీ లేదు, మార్కులు లేవు, ప్రత్యేక బట్టలు కూడా లేవు. వేసుకున్న బూట్లతోనే వెళ్ళి పరిగెత్తి వచ్చేవారు. ఆ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల బడులకు చేరింది. మన జిల్లాలో చదువు పోకుండా అలాంటిది పెట్టడానికి మీ ఒక్క ఉత్తర్వు చాలు.

మన దగ్గర కలిసి ఆడే సంప్రదాయం లేకపోలేదు. బతుకమ్మనే తీసుకోండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా సాగే పండుగ. మధ్యలో అలిగిన బతుకమ్మ నాడు ఆట ఉండదు. మిగిలిన రోజుల్లో పొద్దుగూకినప్పటి నుంచి ఆడవాళ్ళు వంగి, లేచి, చప్పట్లు కొడుతూ, అడుగు మారుస్తూ గంటల తరబడి తిరుగుతారు. అరవై దాటిన అత్త, ముప్పై ఏళ్ళ కోడలు, ఆరేళ్ళ మనవరాలు ఒకే వలయంలో ఉంటారు. పిల్ల అడుగు తప్పితే నాయినమ్మ చేయి పట్టి సరిచేస్తుంది. ఆ ఆటలో బెంచీ మీద కూర్చుని చూసే తల్లి ఉండదు. ఆట మొదలుకాక ముందే ఇంకో పని ఉంటుంది. తంగేడు, గునుగు కోసుకురావడానికి తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పొద్దున్నే గట్ల వెంట, గుట్టల వెంట తిరుగుతారు. సంచి నింపుకుని ఇంటికి వచ్చేసరికి ఎన్ని కిలోమీటర్లు నడిచారో ఎవరూ కొలవరు. ఇప్పుడు పట్నంలో చాలామంది పువ్వులు అంగట్లో కొంటున్నారు. ఆ నడక పోయింది.

హోలీ ముందు కోలలు పట్టుకుని వాడంతా తిరిగే పిల్లలున్నారు, పీరీల పండుగకు అలావ చుట్టూ ఆడే పెద్దలూ పిల్లలూ ఉన్నారు. పండుగ లేని రోజుల్లో కూడా ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఒప్పులకుప్ప ఉంది, ఏడు పెంకులాట ఉంది, చిర్రగోనె ఉంది. వీటికి పెద్ద మైదానం అక్కరలేదు. నాలుగు ఇళ్ళ మధ్య ఖాళీ ఉంటే చాలు. ఆ ఖాళీలో ఇప్పుడు బండ్లు నిలుస్తున్నాయి, కార్లు తిరుగుతున్నాయి. చీకటి పడితే కుక్కల భయం. అందుకే బిడ్డను బయటికి పంపలేక ఫోన్ చేతికిచ్చే తల్లిని నిందించలేను.

కలెక్టర్ గారూ, మొదటి కోరిక ఆదివారం గురించి. వారానికి ఒక్క పొద్దు, ఐదున్నర నుంచి ఎనిమిది వరకు, కోమటిచెరువు కట్టకు చేరే రోడ్డు మీద బండ్లు ఆపించండి. ఆ రెండున్నర గంటలు పిల్లలు సైకిలు నేర్చుకుంటారు, వెనక సీటు పట్టుకుని తండ్రి ఉరుకుతాడు. ఎవరో ఒకరు తాడు తెస్తారు, ఎవరో షటిల్ బ్యాట్లు తెస్తారు. ఇది కొత్త ప్రయోగం కాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పొద్దున పూట వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు దారి వదులుతున్నారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021 ఆగస్టు 29 నుంచి ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది వరకు ట్రాఫిక్ ఆపి జనానికి ఇచ్చారు. ఒక మామూలు పౌరుడు సామాజిక మాధ్యమంలో అడిగిన కోరికతో అది మొదలైంది. కొలంబియా రాజధాని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో వీధులు మూసి సైకిళ్ళకు, నడకకు వదులుతున్నారు. ఇప్పుడు ఆ దారులన్నీ కలిపితే వంద కిలోమీటర్లు దాటుతాయి. మాకు వంద కిలోమీటర్లు అక్కరలేదు. రెండు చాలు.

ట్యాంక్‌బండ్ మీద తినుబండారాల దుకాణాలు, సంగీత కచేరీలు పెట్టారు. సంబరంగానే ఉంటుంది. మన దగ్గర మాత్రం వేదిక, మైకు, అతిథి లేకుండా జరగాలి. వేదిక పెట్టిన మరుక్షణం తల్లిదండ్రులు మళ్ళీ ప్రేక్షకులైపోతారు.

రెండోది బడి మైదానాలు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. సర్కారు బడుల్లో చాలావాటికి మంచి మైదానాలే ఉన్నాయి. సాయంత్రం బడి విడవగానే గేటుకు తాళం పడుతుంది. ఆ గేటు ఏడున్నర దాకా తీసి ఉంచండి. రెండు దీపాలు పెట్టించండి. కాపలా మనిషికి అదనంగా కొంత ఇవ్వండి. ఆస్తికి నష్టం జరుగుతుందని ప్రధానోపాధ్యాయులు భయపడతారు, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకని వాడకట్టు తల్లిదండ్రుల్లో పదిమంది సంతకం చేసి బాధ్యత తీసుకుంటేనే తెరవమనండి. నేను మొదటి సంతకం చేస్తాను.

ఊళ్ళల్లో 2022 జూన్ 2న మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకంలో వాలీబాల్, ఖోఖో కోర్టులు, వ్యాయామం చేసే బార్లు పెట్టారు. ఆ స్థలాలు యువకులకు పనికొచ్చాయి, సంతోషం. పదిమంది మగపిల్లలు వాలీబాల్ ఆడుతున్న చోటికి చిన్నపిల్లను వెంటబెట్టుకున్న తల్లి రాదు. వారానికి రెండు సాయంత్రాలు తల్లులకు, చిన్నపిల్లలకు అని గ్రామ పంచాయతీతో చెప్పించి, బోర్డు మీద రాయించండి. మొదటి నెల నలుగురే రావచ్చు. నలుగురి కోసమైనా ఆ సమయం కాపాడాలి.

మూడోది పేరెంట్స్ మీటింగ్. ఇప్పుడు అది తరగతి గదిలో, మార్కుల కాగితం ముందు జరుగుతోంది. తల్లిదండ్రులు తలవంచుకుని సంతకం పెట్టి వస్తారు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న సర్కారు బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టి, అందులో ఆటలు కూడా చేర్చారు. తండ్రులకు తాడు లాగుడు, తల్లులకు ముగ్గుల పోటీ. తల్లిదండ్రులను బడి ఆవరణలో ఆడించాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. తాడు తల్లుల చేతికి కూడా ఇచ్చి ఉంటే ఇంకా నచ్చేది. బీడీలు చుట్టే చేతులకు, బాయిలో నీళ్ళు తోడిన చేతులకు తాడు లాగే బలం ఉంది. మన జిల్లాలో ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి అరగంట మైదానంలోనే గడవాలి. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ ఒకే జట్టులో ఉండే ఆట ఒకటి పెట్టాలి. మార్కుల సంగతి ఆ తర్వాత చెప్పుకుందాం.

నాలుగో ఆలోచన పూర్తిగా సిద్దిపేటదే. పెళ్ళిళ్ళకు, దావతులకు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు వాడకుండా మన దగ్గర స్టీల్ బ్యాంకులు పెట్టుకున్నాం. మహిళా సంఘాల వాళ్ళు గిన్నెలు, గ్లాసులు లెక్క రాసి ఇస్తారు, పని అయ్యాక లెక్క చూసి తీసుకుంటారు. పోయిన గ్లాసుకు పైసలు కట్టాలి. ఎంత చక్కగా నడుస్తుందో మీరు చూస్తూనే ఉన్నారు. ఆ సంఘాలకే, ఆ అల్మారాలోనే ఆట సామాను కూడా పెట్టనివ్వండి. తాళ్ళు, షటిల్ బ్యాట్లు, రబ్బరు బంతులు, ఒక ఫుట్‌బాల్, ఒక వాలీబాల్, రెండు మూడు చిన్న సైకిళ్ళు. చిన్న సైకిలు రెండేళ్ళలో పిల్లకు పొట్టిదైపోతుంది, ఆ తర్వాత మిద్దె మీద తుప్పు పడుతుంది. వాడకట్టులో ఒక్కటి ఉంటే ఇరవైమంది నేర్చుకుంటారు. కొనలేని ఇంటి పిల్లకు, కొన్న ఇంటి పిల్లకు తేడా ఉండదు. తడిచెత్త, పొడిచెత్త వేరు చేసి ఇవ్వడం నేర్చుకున్న ఊరు మనది. అది చట్టం భయంతో జరగలేదు, మునిసిపాలిటీ మనుషులు ఇంటింటికీ వచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పడం వల్ల జరిగింది. ఈ విషయంలోనూ అలా చెబితే వింటాం.

నీళ్ళ సంగతి ఒక్క మాట. మా నాయిన తరం పిల్లలు నడుముకు బెండు కట్టించుకుని బాయిలో ఈత నేర్చారు. తండ్రి పైన తాడు పట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు రంగనాయకసాగర్, మల్లన్నసాగర్ మన ముంగిట్లోకి వచ్చాయి. ఇంత నీళ్ళున్న జిల్లాలో ఈత రాని పిల్లలు పెరగడం ప్రమాదం. జలాశయాల్లో దిగవద్దని బోర్డు పెట్టడంతో పాటు, సురక్షితమైన కొలనులో తల్లీకూతుళ్ళు కలిసి నేర్చుకునే పూట, ఆడ శిక్షకురాలు కావాలి. దీన్ని మిగిలిన అన్నిటికంటే ముందు చేసినా సంతోషమే.

ఇది చదువుతున్న తోటి తల్లిదండ్రులకు కూడా చెప్పాలి. మీరు జిమ్ములో చేరనక్కరలేదు, ప్రత్యేకంగా బూట్లు కొననక్కరలేదు. బడి కిలోమీటరు లోపే ఉంటే బండి తీయకండి, పిల్లతో కలిసి నడిచి దింపి రండి. రాజీవ్ రహదారి దాటాల్సిన పిల్లలను మాత్రం ఒంటరిగా పంపకండి, చేయి పట్టుకుని దాటించండి. అన్నం తిన్న తర్వాత టీవీ పెట్టే ముందు గల్లీలో ఒక చుట్టు తిరగండి. తాడాట రానివాళ్ళు పిల్లలనే నేర్పమని అడగండి, నేర్పేటప్పుడు వాళ్ళ ముఖంలో వచ్చే వెలుగు ఏ ట్యూషన్‌లోనూ రాదు. ఎండాకాలం మధ్యాహ్నం వద్దు, పొద్దున ఏడు లోపో సాయంత్రం ఆరు తర్వాతో చాలు. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. ముఖ్యంగా తండ్రులకు ఒక విన్నపం. ఆడపిల్ల పెద్దమనిషి అయిందని ఆటలు మాన్పించకండి. ఆ వయసులో ఆగిన ఆట మళ్ళీ మొదలవడం కష్టం. తండ్రి బ్యాటు పట్టుకుని ఆమెతో గల్లీలోకి వస్తే, చూసే వాళ్ళ నోళ్ళు వాటంతటవే మూతపడతాయి.

కలెక్టర్ గారూ, ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. బడ్జెట్లు, ఫైళ్ళు, ట్రాఫిక్ పోలీసుల అనుమతి ఉంటాయని తెలుసు. మొదటి కోరికకు మాత్రం పైసా ఖర్చు లేదు. నాలుగు బారికేడ్లు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, మీ సంతకం చాలు. బతుకమ్మ పండుగ రోజుల్లో వచ్చే ఆదివారంతో మొదలుపెట్టండి. దసరా సెలవుల్లో పిల్లలు ఇంట్లోనే ఉంటారు, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలూ ఉంటారు. మీరు కూడా మీ కుటుంబంతో రండి, అధికారిగా కాకుండా ఆడటానికి రండి. ఏ ఆదివారమో పత్రికల్లో ఒక చిన్న ప్రకటన వేయించండి, మేము వస్తాం.

ఇట్లు,
సిద్దిపేట పట్టణ నివాసి, ఒక తల్లి